కమురు వాసన వచ్చినప్పుడు

కార్తీక పౌర్ణమి వెళ్ళిన నాలుగో రోజున రాసిన ఉత్తరం ఒకటి నా బల్ల మీద ఉంది. గుడివాడ దగ్గరి పల్లెటూరి నుంచి ఒక తల్లి రాశారు. ఆవిడ కూతురికి ఇరవై రెండేళ్ళు. పండగనాడు తెల్లవారుజామున తలస్నానం చేసి, తడి ఆరీ ఆరని జుట్టు విరబోసుకునే తులసికోట ముందు కూర్చుందట. నేతిలో నానబెట్టిన 365 వత్తుల కట్ట మంచుకు చెమర్చిందో ఏమో, ఒక పట్టాన అంటుకోలేదు. వంగి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ వెలిగించబోతే భగ్గుమంది. కళ్ళు మూసి తెరిచేలోగా ఎడమవైపు ముంగురులూ, చెంపమీదికి జారిన పాయా కమిలిపోయాయి. వాకిలంతా కమురు వాసన. తండ్రి పరుగెత్తుకొచ్చి తడి తువ్వాలు కప్పాడు. అదృష్టవశాత్తూ బట్టలకు అంటుకోలేదు.

ఆవిడ అడిగిన ప్రశ్నలు మూడు. కాలిన జుట్టు మళ్ళీ వస్తుందా? కొసలు ఇటుక రంగులోకి మారి, ముట్టుకుంటే పొడి అయి రాలుతున్నాయి, దీనికి ఏ నూనె రాయాలి? మాఘమాసంలో పిల్ల పెళ్ళి. విజయవాడలో ఉండే పిన్నికూతురు "మిగతా జుట్టు కూడా బ్లీచింగు చేయించి రాగిరంగు తెప్పిస్తే కాలినదీ కాలనిదీ కలిసిపోతుంది, ఇప్పుడంతా అదే ఫ్యాషను" అంటోంది, చేయించవచ్చునా? ఇక నాలుగోది ప్రశ్న కాదు, భయం. పిల్ల నాయనమ్మగారు "పెళ్ళికి ముందు జుట్టు కాలడం అశుభం, దుర్గమ్మకు తలనీలాలు ఇస్తామని మొక్కుకుందాం" అంటున్నారట.

అన్నిటికీ జవాబు చెబుతాను. కాని ఉత్తరం చివర, సంతకానికి పైన, ఆవిడ ఒక వాక్యం ఇరికించి రాశారు. ఆ రాత్రి పిల్లకు గొంతు కాస్త బొంగురుపోయిందనీ, మిరియాల పాలు ఇస్తే మర్నాటికి సర్దుకుందనీ. ఉత్తరం మొత్తంలో నేను రెండోసారి చదివింది ఆ ఒక్క వాక్యాన్నే.

జుట్టు కాలినప్పుడు ఇంటిల్లిపాదీ జుట్టునే చూస్తారు. అద్దం తెస్తారు, దువ్వెన తెస్తారు, ఎంత పోయిందో కొలుస్తారు. నిజానికి ఆ సమయంలో తొందరలేనిది ఏదైనా ఉంటే అది జుట్టే. ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి.

ముక్కులో టార్చిలైటు

నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు ముగించి హౌస్ సర్జనుగా పనిచేస్తున్న రోజులవి. ఒక రాత్రి టీ కొట్టు నడుపుకునే ఆయన ఒకరు నడుచుకుంటూ వార్డుకు వచ్చారు. రాత్రి కొట్టు మూసి లోపలే పడుకున్నాడట. మధ్యలో మెలకువ వచ్చి బీడీ కోసం అగ్గిపుల్ల గీశాడు. గ్యాసు లీకయి గదినిండా ఉందని తెలియదు. ఒక్క మెరుపు మెరిసినట్టయింది, అంతే. కనుబొమలు, మీసం, ముందు జుట్టు కమిలాయి. ముఖం ఎర్రబడింది గాని బొబ్బలు కూడా పెద్దగా లేవు. జరిగిందంతా ఆయనే చెప్పాడు, నవ్వుతూ చెప్పాడు. నేను ఆయింటుమెంటుకు చీటీ రాస్తున్నాను.

మా చీఫ్ అటుగా వచ్చారు. చీటీ వైపు చూడలేదు. టార్చి తీసుకుని ఆయన ముక్కు రంధ్రాలలోకి వేశారు. లోపలి వెంట్రుకలు కమిలి, మసి అంటుకుని ఉంది. నోరు తెరిపించి నాలుక మీద చూశారు. "నీ పేరు గట్టిగా చెప్పవయ్యా" అన్నారు. ఆయన చెప్పాడు. గొంతు కాస్త బొంగురుగా ఉంది. చీఫ్ వెంటనే మత్తు డాక్టరును పిలిపించి గొంతులోకి గొట్టం వేయించారు. బంధువులు గొడవ చేశారు, నడిచొచ్చిన మనిషికి గొట్టమేమిటని. రెండు గంటలు గడిచేసరికి ఆయన పెదవులు, నాలుక, మెడ వాచి మనిషి గుర్తుపట్టలేనట్టు అయిపోయాడు. ఆ గొట్టం అప్పటికే లోపల ఉండబట్టి ఊపిరి ఆడింది. వాపు ముదిరిన తరువాత వెయ్యాలంటే దారి కనబడదు. కొద్దిరోజులకు ఆయన బాగుపడి ఇంటికి వెళ్ళాడు. నేను సగం రాసిన చీటీని ఎవరూ చూడకుండా చింపేశాను.

ఇందులో కిటుకు ఏమీ లేదు. మంట గాని, మరిగే గాలి గాని ముక్కు ద్వారా, నోటి ద్వారా లోపలికి పోతే గొంతు లోపలి పొర కాలుతుంది. చేతికి కాలితే ఎలా వాస్తుందో అక్కడా అలాగే వాస్తుంది. చెయ్యి వాస్తే నొప్పి, గొంతు వాస్తే గాలి దారి మూత. పైగా ఆ వాపు వెంటనే రాదు. గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది, ఒక రోజు దాకా పెరుగుతూనే ఉండవచ్చు. అందుకే "ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా" అనే మాట ఇక్కడ పనికిరాదు. పిల్లలలో గాలి గొట్టమే సన్నం కాబట్టి కొద్దిపాటి వాపు కూడా ప్రమాదమే.

కాబట్టి ముఖం దగ్గర మంట లేచి జుట్టు కమిలితే మంట ఆర్పిన వెంటనే దీపం వెలుగులో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చూడండి. ముక్కు లోపలి వెంట్రుకలు కాలాయా, ముక్కు చుట్టూ నోటి చుట్టూ మసి ఉందా, ఉమ్మితే కఫంలో నలుపు కనబడుతోందా, మాట మారిందా, మింగుతుంటే నొప్పి ఉందా, ఊపిరి తీస్తుంటే ఈలలాంటి చప్పుడు వస్తోందా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిరియాల పాలు కాదు, ఆస్పత్రి. రాత్రి అయినా సరే. మన రాష్ట్రంలో 108 అంబులెన్సు 2005 నుంచి ఉంది, దానికి ఫోను చేయండి. అందులో ఆక్సిజన్ ఉంటుంది, ఆటోలో ఉండదు. మనిషిని పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే తీసుకువెళ్ళండి. మూసిన గదిలో పొగ పీల్చినవారికి తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే పైకి ఒక్క వెంట్రుక కాలకపోయినా తీసుకువెళ్ళవలసిందే. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు.

గుడివాడ పిల్లది ఆరుబయట జరిగిన సంగతి. మంట ఒక్క క్షణం లేచింది. అలాంటప్పుడు గొంతు లోపల కాలడం అరుదు. కేకలు వేసినందుకో, నేతి పొగకో బొంగురుపోయి ఉండవచ్చు. మర్నాటికి సర్దుకుంది కాబట్టి ఇప్పుడు భయం లేదు. అయితే ఆ రాత్రి ఆ సంగతి ఇంట్లో ఎవరికి తెలుసు? అమ్మా, ఆ రాత్రి మీరు పిల్లను ఆస్పత్రికి తీసుకువెళ్ళవలసింది. డాక్టరు చూసి ఏమీ లేదని పంపించేస్తే ఆ ప్రయాణం దండగ అనుకోనక్కరలేదు.

తరువాత చర్మం

కాలిన జుట్టు కింద చర్మం కనబడదు. నుదుటి అంచున, చెవి వెనక, పాపిడి దగ్గర జుట్టు పాయలుగా విడదీసి చూడాలి. ఎర్రబడినా, చురుక్కుమన్నా ఆ చోట మామూలు చల్లని నీళ్ళు ధారగా ఇరవై నిమిషాలు పొయ్యాలి. కుళాయి నీళ్ళయినా, మగ్గుతో పోసినా ఒకటే. ఇరవై నిమిషాలంటే చాలా సేపు. గడియారం చూసి పొయ్యండి, లేకపోతే రెండు నిమిషాలకే ఆపేస్తారు. జరిగి గంటా రెండు గంటలైనా నీళ్ళు పోస్తే ప్రయోజనం ఉంటుంది. ఐసు ముక్కలు పెట్టకూడదు, అసలే కాలిన చర్మం దానివల్ల ఇంకా దెబ్బతింటుంది. కాలిన చోట ఏమేమి పూసుకుని మా దగ్గరకు వస్తారో చెబితే మీకు నవ్వు వస్తుంది, మాకు రాదు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, కోడిగుడ్డు సొన, ఇడ్లీ పిండి. చల్లగా ఉంటుంది గనుక హాయిగా అనిపించవచ్చు. కాని గాయం ఎంత లోతుందో చూడాలంటే ముందు అదంతా గీకి తియ్యాలి. ఆ బాధ రోగికి రెండో కాలుడు. పిండిలో ఉండే సూక్ష్మజీవులు అదనం.

బొబ్బలు చిదపకండి. తెల్లగా, తోలులాగా మారి నొప్పే తెలియని చోటు ఉంటే అది లోతైన గాయం. నొప్పి లేదు కదా అని సంతోషించరాదు. కనురెప్పల వెంట్రుకలు కాలితే కంటిని కూడా చూపించాలి. కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకగా ఉన్నా కంటి డాక్టరుకు అదే రోజు చూపించండి. టెటనస్ ఇంజక్షను వేయించుకుని చాలా ఏళ్ళయితే ఆ మాట కూడా డాక్టరుతో చెప్పండి.

ఇక జుట్టు సంగతి

మనం దువ్వుకునే జుట్టంతా ప్రాణం లేనిదే. ప్రాణం ఉన్నది చర్మం లోపలి కుదురులో. గోరు కత్తిరించినా నొప్పి లేనట్టే జుట్టు కాలినా నొప్పి లేదు. జుట్టు కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైంది, అందులో గంధకం ఎక్కువ. ఆ కంపు అంతా గంధకం వల్లనే. రెండు వందల డిగ్రీల వేడి దాటితే కెరటిన్ చెడిపోవడం మొదలవుతుంది. దీపం మంట వేడి అంతకు ఎన్నో రెట్లు. అందుకే కొస కరిగి, గట్టిపడి, చిన్న పూసలాగా మిగులుతుంది. చేత్తో నలిపితే ఆ పూసలే పొడి అవుతాయి.

కాలిన వెంట్రుకను తిరిగి బాగుచేసే నూనె గాని, షాంపూ గాని, సీరం గాని ఈ ప్రపంచంలో లేదు. సీసా మీద ఏమి రాసి ఉన్నా సరే. బతికి ఉన్నదానికే వైద్యం. కమిలిన కొసలను కత్తిరించడమే మార్గం. జరిగిన రోజే తొందరపడి కత్తిరించనక్కరలేదు. గోరువెచ్చని నీళ్ళతో, తేలిక షాంపూతో మెల్లిగా కడిగి, పళ్ళ ఎడం ఎక్కువగా ఉన్న దువ్వెనతో కింది నుంచి పైకి చిక్కు తీస్తే విరిగేవి విరిగిపోతాయి. ఆ తరువాత పూసలు కట్టిన చోటికి అరంగుళం పైకి కత్తెర వేయించండి. పూసలు అలాగే వదిలేస్తే దువ్వెనకు తట్టుకుని, వెంట్రుక నిలువునా చీలుతుంది.

చర్మం కాలకపోతే కుదుళ్ళకు ఏమీ కాదు, జుట్టు తప్పకుండా వస్తుంది. తల మీద వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కొందరికి కాస్త ఎక్కువ పెరుగుతుంది. దానిని తొందరపెట్టే మందు లేదు. కనురెప్పల వెంట్రుకలు ఆరు వారాల నుంచి మూడు నెలలలోను, కనుబొమలు మూడు నాలుగు నెలలలోను సరిపడా వస్తాయి. సగం కాలిన కనుబొమను గీయించేస్తే ఒత్తుగా వస్తుందని కొందరు గీయిస్తారు. అది అపోహ. ఉన్న సగం కూడా పోతుంది, అంతే. చర్మం లోతుగా కాలి మచ్చ కట్టిన చోట మాత్రం కుదురే ఉండదు కాబట్టి జుట్టు రాదు.

కొబ్బరినూనె సంగతి అడిగారు. నూనెలలో కొబ్బరినూనెకు వెంట్రుక లోపలికి కొంత ఇంకే గుణం ఉంది. తలస్నానానికి ముందు రాస్తే మాంసకృత్తు కొట్టుకుపోవడం తగ్గుతుందని 2003లో మన దేశపు పరిశోధకులే చూపించారు. ఆ పరిశోధన కొబ్బరినూనె అమ్మే కంపెనీ వారిదే గాని, చేసిన పద్ధతి సక్రమమైనదే. కాబట్టి మిగిలిన మంచి జుట్టుకు రాయండి. తాజాగా కాలిన చర్మం మీద మాత్రం వద్దు. నూనె రాసిన తలతో దీపాల దగ్గరికి అసలే వద్దు.

మన ఇళ్ళలో జుట్టు కాలే సందర్భాలు చూస్తే అన్నీ ఏడాదికొకసారి వచ్చేవీ, రోజూ చేసేవీ. భోగిమంట సరిగా రాజుకోలేదని పెట్రోలు గుమ్మరించే కుర్రవాళ్ళు ప్రతి సంక్రాంతికీ ఉంటారు. పెట్రోలు ఆవిరి మంటకంటే ముందే మనిషిని చుట్టుకుంటుంది, కాబట్టి అంటుకునేది కట్టె కాదు, పోసిన చెయ్యి. దీపావళికి చిచ్చుబుడ్డి వెలగలేదని ముఖం పెట్టి తొంగిచూడడం మరొకటి. ఇంతకంటే నిశ్శబ్దంగా జరిగేది సాంబ్రాణి. పురుటి స్నానం చేయించిన బాలింతకు గంపకింద నిప్పులు పెట్టి, జుట్టు పరచి ధూపం వేసే అలవాటు డెల్టా పల్లెలలో ఇంకా ఉంది. నిప్పుల మీద సాంబ్రాణి పొడి ఎక్కువైతే మంట లేస్తుంది. జుట్టు గంప మీద పరచి ఉంటుంది, బాలింత నిద్రమత్తులో ఉంటుంది, పక్కనే పసిబిడ్డ. ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు. తల ఆరడానికి పొడి తువ్వాలు, ఫ్యాను చాలు. తలకు స్ప్రే కొట్టుకుని వెంటనే పొయ్యి దగ్గరికి వెళ్ళడం, శానిటైజరు చేతులు ఆరకుండానే హారతి వెలిగించడం కొత్తగా వచ్చిన అలవాట్లు. రెండింటిలోనూ స్పిరిటు ఉంటుంది. 365 వత్తులు వెలిగించేటప్పుడు జుట్టు ముడివేసి, కొంగు గాని చున్నీ గాని నడుముకు దోపి, గాలి వీపుకు తగిలేలా కూర్చుని, చేతికి దూరంగా ఉండే పుల్లతో అంటించండి. దాని పుణ్యం ఏమీ తగ్గదు.

రాగిరంగు మోజు

ఇప్పుడు పిన్నికూతురి సలహా. బ్లీచింగు అంటే రంగు వెయ్యడం కాదు, ఉన్న రంగును తీసెయ్యడం. వెంట్రుక పైన పెంకుటింటి కప్పులా ఒకదానిమీద ఒకటి పొలుసులు ఉంటాయి. లోపల మెలనిన్ అనే నల్లరంగు పదార్థం ఉంటుంది. బ్లీచింగు మందులోని అమ్మోనియా ఆ పెంకులను పైకి లేపుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడు లోపలికి పోయి మెలనిన్‌ను విరగ్గొడుతుంది. 1818లో థెనార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ఈ మందునే మేము పుండ్లు కడగడానికి వాడేవాళ్ళం. మెలనిన్‌తోపాటు వెంట్రుకకు బలమిచ్చే గంధకపు బంధాలను కూడా అది కొంత తెంపుతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా బ్లీచింగు చేసిన వెంట్రుక మునుపటి వెంట్రుక కాదు.

కమిలిన పాయలో ఆ పెంకులు ముందే ఎగిరిపోయాయి. దాని మీద బ్లీచింగు వేస్తే తడిలో జిగురులాగా సాగి, తెగి చేతికి వస్తుంది. పోనీ కాలని జుట్టుకు మాత్రమే చేయిస్తే? మన నల్లజుట్టు ఒక్కసారిగా పిన్నికూతురు చెప్పే రాగిరంగు అవదు. ముందు ఎర్రని గోధుమరంగు, తరువాత నారింజ, ఆ తరువాత పసుపు. కాలిన కొస ఇటుక రంగు ఒక రకం, మందుతో వచ్చే రాగిరంగు వేరొకరకం. కలవవు. రెండంగుళాల ముంగురుల కోసం రెండడుగుల జడను పాడుచేసుకోవడం లెక్క కుదిరే పని కాదు.

కాలని, ఆరోగ్యమైన జుట్టు ఉండి సరదాపడేవారిని నేను వద్దనను. మా తరానికి మాత్రం రాగిజుట్టు చూస్తే వేరే ఆలోచన వచ్చేది. మేము చదువుకునే రోజుల్లో పిల్లవాడి జుట్టు పలచబడి ఎర్రబడిందంటే మాంసకృత్తులు లేని తిండి తిన్న క్వాషియార్కర్ జబ్బేమోనని పాదాల వాపు చూసేవాళ్ళం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ గోపాలన్ వంటివారు ఆ జబ్బు మీద ఎంతో కృషి చేశారు. ఇప్పుడు అదే రంగుకు బీసెంటు రోడ్డు చుట్టుపక్కల వేలు పోస్తున్నారు. పోయనివ్వండి. కాని మీ పసివాడి జుట్టు ఏ మందూ వెయ్యకుండా రంగు మారితే మాత్రం ఫ్యాషను అనుకోకండి, డాక్టరుకు చూపించండి.

చేయించుకునేవారు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని. పెరాక్సైడు సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే సుమారు 6 శాతం, 30 అంటే 9, 40 అంటే 12 శాతం. అంకె పెరిగినకొద్దీ పని త్వరగా అవుతుంది, తల కూడా త్వరగా కాలుతుంది. ఇంట్లో 20 దాటి వాడవద్దు. మందుల షాపులో పుండ్లకు అమ్మే సీసా కొని తలకు పోసుకోవద్దు. రేపు తల అంతటికీ వేయించుకుంటారనగా ఈరోజు మెడ వెనక నుంచి ఒక సన్నటి పాయ తీసి దానికే వేసి చూడండి. ముఖ్యంగా గోరింటాకు పొడి ప్యాకెట్లు వాడేవారు. కొన్ని ప్యాకెట్లలో ఆకు మాత్రమే ఉండదు, లోహపు లవణాలు కలుపుతారు. ఆ జుట్టు మీద పెరాక్సైడు పడితే వేడెక్కి వెంట్రుక అక్కడికక్కడే తెగుతుంది. మన పెరటి గోరింటాకు రుబ్బి పెట్టుకుంటే ఆ భయం లేదు.

మంట పుడితే మందు పనిచేస్తోందని ఓర్చుకునేవారున్నారు. మంట అంటే చర్మం కాలుతోందని అర్థం. ఆ క్షణమే కడిగెయ్యాలి, పార్లరు అమ్మాయి ఇంకో పది నిమిషాలు అన్నా సరే. రేకులు చుట్టి పైన వేడి గాలి పెట్టించుకోకండి. బ్లీచింగు పొడిలో ఉండే పర్‌సల్ఫేటు లవణాలు కొందరిలో ఉబ్బసం రప్పిస్తాయి. ఉబ్బసం ఉన్నవారు దాని జోలికి పోవద్దు, రోజూ ఆ పొడి కలిపే పార్లరు పనివాళ్ళు దగ్గు, ఆయాసం వస్తే పని సంగతి డాక్టరుకు చెప్పాలి. కనుబొమలకు, కనురెప్పలకు ఎవరూ వెయ్యకూడదు. కంట్లో పడితే ఇరవై నిమిషాలు నీళ్ళతో కడిగి ఆస్పత్రికి వెళ్ళండి.

పేరులో ఉన్న ప్రమాదం ఒకటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ అంతా మునిగినప్పుడు వీధుల్లో బ్లీచింగు పౌడరు చల్లారు. వరద తీసిన కొన్నాళ్ళకు ఒక కుర్రాడు నా దగ్గరకు వచ్చాడు, తల మీద చర్మం ఊడిపోయి. ఇంట్లో మిగిలిన పౌడరు నీళ్ళలో కలిపి తలకు పట్టించాడు. బ్లీచింగు అని రాసి ఉంది కదండీ, అన్నాడు. అది నీళ్ళను, కాలవలను శుభ్రం చేసే సున్నపు క్లోరిన్. తలకు కాదు. దానిలో బాత్‌రూము యాసిడ్ కలిస్తే వచ్చే వాయువు మనిషిని చంపగలదు. ఆ కుర్రాడి తలమీద రూపాయి బిళ్ళంత చోట ఇప్పటికీ జుట్టు లేదు.

మందులు వద్దు, ప్రకృతి వైద్యం చేస్తామని నిమ్మరసం పూసుకుని మేడమీద ఎండలో కూర్చునేవారికి ఒక మాట. నిమ్మలో ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. మర్నాటికో, ఆ మర్నాటికో నుదుటి మీద, మెడ మీద రసం కారిన చారలమేరకు బొబ్బలు, తరువాత నెలల తరబడి నల్లమచ్చలు. బెజవాడ ఎండకు వేరే సాయం అక్కరలేదు.

రంగు వేసే మందులది, అంటే నల్లరంగుది, మరో కథ. వాటిలో చాలావాటిలోను, నల్ల గోరింటాకు అని అమ్మే పొడులలోను పి.పి.డి. అనే రసాయనం ఉంటుంది. పడనివారికి ముఖం, కళ్ళు వాచిపోతాయి. చెవి వెనక చుక్క రాసి 48 గంటలు ఆగి చూడడం అందుకే. ఇదే రసాయనం కడుపులోకి పోతే మెడ, గొంతు వాచి ఊపిరి ఆగుతుంది, కండరాలు కరిగి మూత్రం నల్లబడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దీనికి విరుగుడు మందు లేదు. మన రాష్ట్రపు ఆస్పత్రులకు ఈ కేసులు కొత్త కాదు, వీటిమీద మన డాక్టర్లు వైద్య పత్రికలలో ఎన్నో వ్యాసాలు రాశారు. ఎవరైనా మింగారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆ నిమిషమే పెద్ద ఆస్పత్రికి తీసుకువెళ్ళండి, సీసా వెంట తీసుకువెళ్ళండి. పిల్లలకు అందేచోట, దిగులుగా ఉన్నవారి కళ్ళబడేచోట ఆ ప్యాకెట్లు ఉంచకండి. అలాంటివారు ఇంట్లో ఉంటే 14416కు ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

గుడివాడ తల్లిగారికి

అమ్మా, పిల్ల ఎడమ చెంప మీద ఎరుపు పూర్తిగా తగ్గేదాకా ముఖానికి ఫేషియలు, బ్లీచింగు క్రీము వద్దు. పెళ్ళికూతురిని చేసే లోపు తప్పకుండా తగ్గుతుంది, నలుగుకు అభ్యంతరం లేదు. ఎండలోకి వెళితే గొడుగు వెయ్యండి, కొత్త చర్మం ఎండకు త్వరగా నల్లబడుతుంది. కాలిన పాయను చెంపదాకా కత్తిరించి, రెండో వైపు కూడా అంతే పొడవుకు సరిచేయించండి. ఇస్త్రీపెట్టెలాంటి యంత్రాలతో జుట్టు తిన్నగా చేయించడం ఈ మూడు నెలలూ మానిపించండి. రోజుకొక గుడ్డు గాని, గిన్నెడు పప్పు గాని తిననివ్వండి. పెళ్ళినాటికి పూలజడ, సవరం, పాపిడిబిళ్ళ, బాసికం పెట్టాక ముంగురులు తప్ప కనిపించే జుట్టు ఎంత?

నాయనమ్మగారి మొక్కు మీ ఇంటి విషయం, అందులో నేను కల్పించుకోను. కాని అశుభ పరిహారానికి గాక జుట్టు ఒత్తుగా రావడానికని గుండు చేయించే ఆలోచన ఉంటే మానుకోండి. కత్తి చర్మం పైనే తిరుగుతుంది, కుదురుదాకా పోదు. మొండిగా వచ్చిన వెంట్రుక మొన చేతికి గరుకుగా తగిలి ఒత్తుగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. కార్తీకం నుంచి మాఘం దాకా మూడు నెలలు. ఇప్పుడు చెంప దగ్గర కత్తిరించిన పాయ ఆనాటికి దవడ దాకా దిగుతుంది, చెవి వెనక్కి తియ్యడానికి సరిపోతుంది.